ముందు కాళ్ళు లెక్కెట్టు

మా ఇంట్లో వ్యాసపీఠం నెలరోజులుగా తెరుచుకోవడం లేదు. పుస్తకం పెట్టుకుని పురాణం చదువుకునే ఆ మడత చెక్కల సందులో ఒక కందిరీగ మట్టిగూడు కట్టింది. ఆషాఢంలో సింహాచలం గిరిప్రదక్షిణకి వెళ్ళాను. కొండ చుట్టూ నడిచొచ్చాక కాళ్ళు వాచిపోయి నాలుగు రోజులు మంచం దిగలేదు. ఆ నాలుగు రోజుల్లో అది తన పని పూర్తి చేసుకుంది. ఐదో రోజు పీఠం అందుకోబోయి చూస్తే, రెండు పలకలు కలిసే చోట మూడు మట్టిగదులు! ఒక్కోటి ఉసిరికాయంత. పీఠం తెరిస్తే మూడూ పగులుతాయి.

"స్క్రూడ్రైవరుతో గీకేస్తే పోతుంది కదా," అన్నారు మావారు.

"దాని మీద సెయ్యేత్తే ఊరుకోను!" అన్నాను.

అనేశాక ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. నాది గోదావరి మాట. ఆ యాస నాది కాదు. అది మా పక్కింటావిడది. వైశాఖంలో సింహాద్రి అప్పన్న చందనోత్సవం అయిన వారానికి ఆవిడ పోయింది.

మా వీధంతా ఆవిణ్ణి అప్ప అనేవాళ్ళం. ఇక్కడివాళ్ళు అక్కని అలాగే పిలుస్తారు. పొట్టి మనిషి. ఎడమకన్ను ఎప్పుడూ సగం మూసే ఉండేది, ఏళ్ళ తరబడి భూతద్దంలోంచి చూసీ చూసీ అలా అలవాటైపోయింది. ఆ భూతద్దం రూపాయి బిళ్ళంత ఉండేది. దాన్ని మెళ్ళో తాడుకి పిన్నీసులతో పాటు కట్టుకునేది. రొంటిని రెండు ఖాళీ అగ్గిపెట్టెలు. చుట్ట కాలుస్తుంది కాబోలనుకున్నాను మొదట్లో.

మేం మల్కాపురంలో కాపురం పెట్టిన కొత్తలో ఒకరోజు పొద్దున్న, మడిచీర కట్టుకుని తులసికి నీళ్ళు పోస్తున్నాను. పక్కనే కరివేపాకు మొక్క. ఆకు మీద కాకిరెట్ట పడి ఉంది. పుల్లతో తోసేద్దామని వంగాను.

"ఓలమ్మో! సంపేత్తావేటి దాన్ని!" గోడ అవతలి నుంచి కేక.

"దేన్నండీ? ఇది కాకిరెట్ట."

"రెట్టకి తలకాయుంటాదేటి? ఒక్కపాలి తట్టి సూడు."

తట్టాను. రెట్ట తల ఎత్తింది! నెత్తి మీంచి ఎర్రటి రెండు కొమ్ములు బయటికి తోసి నా మీదికి ఊపింది. గుప్పుమని కుళ్ళిన నిమ్మకాయ వాసన. 'నరసింహా' అని వెనక్కి గెంతి బకెట్టు తన్నేశాను. మడి, నీళ్ళు, అన్నీ పోయాయి. ఆవిడ గోడ పట్టుకుని ఒకటే నవ్వు.

"పిట్టలు తినీకుండా రెట్టేసం ఏసింది. ఓ ఇరవై రోజులాగు. నల్లసీర కట్టుకుని సీతాకోకై ఎల్లిపోద్ది. నీ కరేపాకు నాలుగు రెబ్బలు తింటాది, ఏటి పోనాది?"

రోజూ చూశాను. ఆవిడ చెప్పినట్టే నల్లచీర, దానికి తెల్లచుక్కల అంచు కూడా! అది గోడ దాటి ఎగిరిన రోజు నేనే గోడ దగ్గరికి పరుగెత్తి "అప్పా, అప్పా" అని పిలిచాను. అంతవరకు ఆ మాట నా నోట రాలేదు.

మా మల్కాపురంలో గాలి పోర్టు వైపు నుంచి వీస్తే ఆకుల మీద బొగ్గుపొడి పడుతుంది. ఏ ఆకు మీద నల్లచుక్క కనిపించినా ఆడవాళ్ళు అప్పకి చూపించేవారు. ఆవిడ ముందు ఊదేది. "ఎగిరిపోతే బొగ్గు. ఎగిరి మళ్ళా వొచ్చి కూకుంటే పురుగు." కాఫీ తాగే ముందు ఊదినట్టే ఉండేది ఆ ఊదడం, అంత శ్రద్ధగా. తర్వాత భూతద్దం బయటికి తీసేది. పేరు మాత్రం వెంటనే చెప్పేది కాదు.

"ముందు కాళ్ళు లెక్కెట్టు. ఆరా, ఎనిమిదా? తరవాత నడుము సూడు. తరవాత ఏటి తిని బతుకుతాదో సూడు. పేరుకేటి తొందర? పెళ్ళిసంబంధమేటి?"

మనవరాలు ఆవిడ ఫోన్‌లో ఒక ఆప్ పెట్టింది. పురుగు ఫొటో తీస్తే పేరు చెప్పేస్తుంది. ఆవిడ దానితో మనిషితో పోట్లాడినట్టు పోట్లాడేది. "ఇది బ్రెజిల్లో ఉంటాదంటంది సూడు. మరి నా బీరపాదులోకి ఏ ఓడెక్కి వొచ్చిందంట?" అని, ఒక క్షణం ఆగి, "వొచ్చినా వొచ్చుద్దిలే. ఓడకేటి తెలుసు ఎవులెక్కినారో," అనేది. వాళ్ళాయన పోర్టులో కళాసీ, ఓడల్లోంచి కలప దించేవాడట. దుంగల్లో దొరికిన వింత పురుగుల్ని టిఫిన్ డబ్బాలో పెట్టి ఇంటికి తెచ్చేవాడట. "ఒకళ్ళ మొగుడు మల్లెపూలు తెత్తాడు, నా మొగుడు పేడపురుగు తెచ్చినాడు," అని గర్వంగా చెప్పుకునేది.

అగ్గిపెట్టెలో పెట్టిన దేన్నైనా పొద్దు గూకే లోపల, ఎక్కడ దొరికిందో అక్కడే వదిలేసి రావాలి. ఆవిడ నియమం అది. ఒకసారి మా వంటింటి తూములో దొరికిన ఒక నల్లటిదాన్ని తిరిగి మా తూములోనే వదలడానికి వచ్చింది. నేను తలుపు తియ్యలేదు. కిటికీలోంచి వదిలేసి పోయింది.

పేరు దొరకని వాటికి ఆవిడే పేర్లు పెట్టేది. ఇసకలో గుంట తవ్వుకుని వెనక్కి నడిచేదాన్ని ఎనక్కెల్లీ దొర అనేది. పుల్లలన్నీ మూట కట్టుకుని వేలాడేది కట్టెలమ్మి. అన్నిట్లోకీ ఆవిడకి ప్రాణం మాత్రం నెమలీగ. నెమలి మెడ రంగులో మెరుస్తుందట. సొంతానికి గూడు కట్టుకోదట. కందిరీగ కట్టిన మట్టిగూట్లో దొంగచాటుగా గుడ్డు పెట్టి పోతుందట.

"గూడు కట్టినోడే బయటికొత్తాడని గేరంటీ నేదు పురాణమ్మా," అనేది. ఆవిడ నన్ను పిలిచే పేరు అది. "దాన్ని తిరుగుతా ఉంటే సూసినాను. గూట్నోంచి వొచ్చీటప్పుడు ఒక్కపాలైనా సూడనేదు. అది సూసీసి సచ్చిపోతే సాలు."

"అందరూ కాశీ చూసి చచ్చిపోవాలంటారు గానీ..."

"కాశీకి రైలుంది. దీనికి టిక్కెట్టెక్కడిత్తారు?"

భజనకి మాత్రం ఎంత పిలిచినా వచ్చేది కాదు. "నానొత్తే దీపం సుట్టూ తిరిగీ పురుగుల్ని సూత్తాను గానీ సామిని సూడను. నీకే సెడ్డపేరు," అనేది. నాకది దిగులుగా ఉండేది. ఇంత చూపున్న మనిషి, చూడవలసినవాణ్ణి చూడకుండా పోతుందే అని.

నా సంగతి వేరు. నాకు అక్షరాలు వచ్చిందే పురాణంలో. మా నాన్నగారు ఒళ్ళో కూర్చోబెట్టుకుని వేలు పట్టి చదివించారు. మల్కాపురం భజన మండలిలో పదిహేనేళ్ళు హారతి పళ్ళెం పట్టాను, కీర్తన ముందు నేనే అందుకున్నాను. కానీ వ్యాసపీఠం ముందు కూర్చుని ప్రవచనం చెప్పమని అక్కడ ఏ ఆడదాన్నీ అడగలేదు. మూడేళ్ళ కిందట కార్తీకం మొదట్లో మండలి పెద్దాయన నన్ను పిలిచారు.

"నెలాఖరు ఆదివారం మీరు చెప్పండమ్మా. జనానికి నచ్చితే ఇకమీద ప్రతి నెలా మీకే," అన్నారు.

కాళ్ళు నేల మీద ఆనలేదు నాకు! అంశం ఆయనే ఇచ్చారు. కందిరీగ ఒక పురుగుని తెచ్చి మట్టిగూట్లో పెడుతుంది. ఆ పురుగు భయంతో కందిరీగనే తలుచుకుంటూ, తలుచుకుంటూ, చివరికి తానే కందిరీగ అయి బయటికి వస్తుంది. దేవుణ్ణి అలా తలుచుకున్న జీవుడు దేవుడే అవుతాడు. చిన్నప్పటి నుంచి వంద నోళ్ళ విన్నాను ఆ పోలిక. విన్న ప్రతిసారీ కళ్ళు చెమర్చేవి.

మర్నాడే మా దేవుడి గదిలో, స్వామి పటం పక్కన, ఒక కందిరీగ మట్టి ఉండలు మోసుకొచ్చి గూడు మొదలెట్టింది! ఇంతకంటే నిదర్శనం ఏం కావాలి? ఇంట్లో కందిరీగ గూడు కడితే శుభమని మామూలుగానే ఎవరూ ముట్టుకోరు. అది నోట్లో పచ్చని పురుగుల్ని పట్టుకొచ్చి లోపలికి తోస్తుంటే నేను ఎదురుగా కూర్చుని నామం చేసుకున్నాను. మూత వేసి వెళ్ళిపోయాక, గుమ్మానికి రాసినట్టు గూటికి పసుపు ముద్దగా రాశాను. బొట్టు పెడదామని కుంకుమ వేలితో అద్దాను.

వేలు లోపలికి దిగిపోయింది.

పచ్చిమట్టి. దాని మీద తడిపసుపు. నా భక్తికి గూడు మెత్తబడి ముందువైపంతా ఊడి వచ్చింది. స్వామి పంపినదాన్ని నా చేత్తో నేనే పగలగొట్టాను! గోడ దగ్గరికి పోయి అరిచిన అరుపుకి అప్ప చీపురు చేత్తోనే వచ్చేసింది.

"పురుగుకి పసుపు కుంకాలేటి తల్లీ? పేరంటానికి పిలిచినావేటి?" అని తిట్టి, ఫోన్ టార్చి వేసి లోపలికి చూసింది. భూతద్దం నా చేతికి ఇచ్చింది.

చూశాను. ఆకుపచ్చ పురుగులు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. చచ్చిపోలేదు, కదల్లేవు. పుల్లతో తాకితే తోక మాత్రం ఆడుతోంది. పైన, గూటి కప్పు నుంచి సన్నని దారం. దారానికి బియ్యపు గింజకంటే చిన్న తెల్లటి గుడ్డు, ఉట్టిలో వెన్నకుండలా వేలాడుతోంది.

"ఇదేంటి అప్పా?"

"కందిరీగ గుడ్డు."

"మరి ఈ పురుగులు?"

"దానికి క్యారేజీ."

"అబద్ధం! ఈ పురుగే కందిరీగ అవుతుంది. శాస్త్రంలో ఉంది."

ఆవిడ రొంటినున్న అగ్గిపెట్టె తీసి, గుడ్డు వేలాడే మట్టిపెచ్చుని పెచ్చుగానే అందులో పెట్టి, పురుగుల్ని లెక్కపెట్టుకుంటూ పక్కన సర్దింది. నా చేతిలో పెట్టింది. ఆవిడ నియమం ఆవిడే తప్పింది, నా కోసం. "నానేటీ సెప్పను. నువ్వే సూడు. రోజుకోపాలి తెరువు. ఊదీకు."

ఇరవైమూడు రోజులు చూశాను. కార్తీక స్నానం, దీపం, ఆ తర్వాత అగ్గిపెట్టె. గుడ్డులోంచి తెల్లని పిల్ల వచ్చింది. పచ్చపురుగుల్ని ఒక్కొక్కటిగా తినేసింది. ఏ పురుగూ ఏదీ అవలేదు, తొక్కలు మిగిలాయి. తెల్లపిల్ల లావెక్కి, గట్టిపడి, లోపల నల్లటి కళ్ళు కనిపించాయి. ఒకరోజు మధ్యాహ్నం పెట్టె గరగరమంది. తెరిచాను. సన్నని నడుము, పసుపుపచ్చ కాళ్ళు! అరచేతి మీద నిలబడి రెక్కలు ఆరబెట్టుకుని ఎగిరిపోయింది. సంతోషంతో చప్పట్లు కొట్టాను. ఆ తర్వాత కూర్చుని ఏడ్చాను. ప్రవచనానికి మూడు రోజులుంది.

మండలి హాలు నిండా జనం. నా ముందు పీఠం, దాని మీద పుస్తకం, నా చేతిలో ఖాళీ అగ్గిపెట్టె. గుమ్మం దగ్గర, చెప్పుల పక్కన, మొట్టమొదటిసారి అప్ప కూర్చుని ఉంది. మామూలు పోలిక మామూలుగా చెప్పేస్తే ప్రతి నెలా ఆ పీఠం నాది. నోరు తెరిచాను. స్వామి ఎదుట కూర్చుని, కళ్ళారా చూసినదాన్ని మింగడం నా వల్ల కాలేదు. మొత్తం చెప్పాను. పసుపుతో సహా.

పెద్దాయన లేచి నిలబడ్డారు. "అయితే పెద్దలు చెప్పింది తప్పంటారామ్మా?"

"తప్పనడం లేదండీ. వాళ్ళు గోడ ముందు కూర్చుని ఎన్ని రోజులు చూశారో! పురుగు లోపలికి పోవడం చూశారు, కందిరీగ బయటికి రావడం చూశారు. మధ్యలో ఏముందో చూడాలంటే గూడు పగలగొట్టాలి. వాళ్ళు పగలగొట్టలేదు. నేను పగలగొట్టాను. దేన్ని తలుచుకుంటే అదే అవుతామన్నది మనసు సంగతి. అది నేనిప్పటికీ నమ్ముతాను. పురుగు సంగతి మాత్రం నేను చూసింది ఇది."

ఎవరూ హారతి పాట అందుకోలేదు. పళ్ళెం సర్దుతుంటే ఆయన మెల్లగా దగ్గరికొచ్చి, "వచ్చే నెల నుంచి కొంచెం విశ్రాంతి తీసుకోండమ్మా," అన్నారు.

ఇంటికి వస్తున్నాం. నేను కొంగు నోట్లో కుక్కుకుని నడుస్తున్నాను. అప్ప నాలుగడుగులు ముందు. వీధి మలుపు వచ్చింది. అక్కడ ఆగి వెనక్కి తిరిగింది.

"ఒకటి తప్పు సెప్పినావు."

"ఏంటప్పా?"

"పదకొండు పురుగులన్నావు. తొమ్మిదే. నాను లెక్కెట్టినాను."

ఏడుస్తున్నదాన్ని నవ్వాను. వీధిలో నిలబడి ఇద్దరం పగలబడి నవ్వాం. మండలి నుంచి వచ్చేవాళ్ళు మమ్మల్ని చూసి పక్కనుంచి తప్పుకుని పోయారు.

పదిరోజుల తర్వాత ఒక సంచీ మోసుకుంటూ వచ్చింది. అందులో వ్యాసపీఠం! వాళ్ళాయన ఎప్పుడో ఓడలోంచి తెచ్చి అటక మీద పెట్టిన చెక్కని వడ్రంగి చేత చేయించింది. ఒక పలక అంచున గుండ్రని కన్నం ఉంది. దాని మీద వేలు పెట్టి చూపించింది. "ఇందులో ఒకడున్నాడు. నాను సూసీసరికే ఎల్లిపోనాడు. పేరు పెట్టనేదు." తర్వాత, "ఆల్లు పీఠం తీసేత్తే నీకు నోరు పోనాదేటి? నీ అరుగు మీద సదువు. నానొత్తాను. దీపం పెట్టీకు, పగలు సదువు," అంది.

అలా మొదలైంది మా శనివారం చదువు. మొదటి వారం ఆవిడ ఒక్కర్తే, చివరి మెట్టు మీద. తర్వాత ముగ్గురు, తర్వాత పదిమంది. ఏడాది తిరక్కుండానే మండలి పెద్దాయన భార్య కూడా రావడం మొదలుపెట్టింది. ఆయన మాత్రం గేటు దగ్గర నిలబడి ఆవిణ్ణి పిలుచుకుపోయేవారు. లోపలికి ఎప్పుడూ రాలేదు. ఆవిడ కోసం ఆగిన కాసేపూ, ఎక్కడైనా మట్టిగూడు ఉందేమో అన్నట్టు గోడ వైపే చూసేవారు.

ఆఖరిసారి అప్పని చూడడానికి చందనోత్సవం ప్రసాదం పట్టుకెళ్ళాను. మంచం మీద పడుకుని ఉంది. గంధం నుదుట పెట్టాను. అప్పన్నకి దండం పెట్టుకుని కన్ను తెరిచింది.

"కిటికీ మీద ఏటది?"

"ఈగ అప్పా."

"కాళ్ళు లెక్కెట్టినావా?"

లేచి వెళ్ళి లెక్కపెట్టాను. "ఎనిమిది."

"మరి ఈగంటావేటి," అని విసుక్కుని కళ్ళు మూసుకుంది. నాతో అన్న చివరి మాట అదే.

అందుకే పీఠం సందులో గూడు కనిపించినప్పటి నుంచి నేను పీఠాన్ని అరుగు మీదే కదపకుండా ఉంచి, పుస్తకం ఒళ్ళో పెట్టుకునే చదువుతున్నాను. పసుపు రాయలేదు. రోజూ చూస్తున్నాను, అంతే. ఈసారి ఏం వస్తుందో నాకు తెలుసు కదా అని ధీమాగా ఉన్నాను. సన్నని నడుము, పసుపుపచ్చ కాళ్ళు.

మొన్న శ్రావణ శనివారం చదువు మధ్యలో ఉన్నాం. పెద్దాయన భార్య నా మోచెయ్యి పట్టుకుంది. "అమ్మా, మట్టి రాల్తంది."

పుస్తకంలో వేలు పెట్టుకుని వంగాను. మధ్య గది మీద తడి మచ్చ. మచ్చ మధ్యలో చిన్న కన్నం. లోపలి నుంచి ఎవరో గోరుతో గీకుతున్నట్టు మట్టి పొడిపొడిగా పడుతోంది. కన్నం పెద్దదైంది. తల వచ్చింది.

పసుపు కాదు.

నీలం. కాదు, ఆకుపచ్చ. కాదు, రెండూ! ఎండ తగలగానే నెమలి మెడ ఒక్కసారి తిప్పినట్టు రంగు మారింది. ఒళ్ళంతా చెవిదుద్దు రాయిలా మెరుస్తూ ఇంత లావు నడుముతో బయటికి వచ్చి, పీఠం అంచున నిలబడింది. కన్నం ఉంది చూశారూ, పేరు పెట్టనివాడి కన్నం, సరిగ్గా దాని పక్కన.

"ఓలమ్మ! ఏటది? ఈగా?" అందొకావిడ.

"తుమ్మెదేమో?"

"ఫోటో తియ్యండర్రా, ఫోన్ ఏదీ?"

పేరు నాలుక చివర ఉంది. చెప్పేయొచ్చు. కానీ ఆవిడైతే చెప్పదు.

"ముందు కాళ్ళు లెక్కెట్టండి!" అన్నాను.

పదిమంది ఆడవాళ్ళు తలలు కలిపి వంగారు. ఒకటి, రెండు, మూడు. పైకే లెక్కపెడుతున్నారు, పిల్లలు ఎక్కం చదివినట్టు. పెద్దాయన భార్య కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని, "ఆరు!" అని అరిచింది. ఆ అరుపుకి అది లేచి, దీపం లేని మా అరుగు మీద ఒక్క చుట్టు తిరిగి, కరివేపాకు మొక్క మీదుగా వెళ్ళిపోయింది. అప్పుడు చెప్పాను, దాని పేరు నెమలీగ అని, గూడు కట్టినవాడే బయటికి వస్తాడని గ్యారంటీ లేదని. ఒక మనిషి జీవితమంతా ఇది చూడాలనుకుందని మాత్రం చెప్పలేదు. ఫర్వాలేదు. చివరి మెట్టు ఖాళీగా ఉండడం అందరూ చూస్తూనే ఉన్నారు.

గేటు చప్పుడైంది. పెద్దాయన. "పద, వేళయింది," అన్నారు భార్యతో.

"నాను రాను. ఇంకా రెండు గదులున్నాయి," అంది ఆవిడ, పీఠం మీంచి కళ్ళు తియ్యకుండా.

ఆయన గేటు తీసుకుని లోపలికి వచ్చి, చెప్పులు విప్పి, చివరి మెట్టు మీద కూర్చున్నారు.

నేను పుస్తకం ఒళ్ళో సర్దుకుని, వేలు ఉన్న చోటి నుంచి చదవడం మొదలుపెట్టాను.